ఎడమవైపు లాగుతున్న బండి

జనవరి 9

వదినగారికి నమస్కారం.

కవరు మీద నా రాత చూసి మీ గుండె ఝల్లుమని ఉంటుంది. నాలుగేళ్ళ తర్వాత రాస్తున్నాను కదా. కంగారుపడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. మీ తమ్ముడు కులాసాగానే ఉన్నారు. నేనూ బాగానే ఉన్నాను, మోకాళ్ళ సంగతి అడక్కపోతే.

పనుండి రాస్తున్నాను. మామయ్యగారి కారు మా షెడ్డులో ఉంది కదా. మూడేళ్ళ కిందట ఈయన దాన్ని బాగుచేస్తానని విప్పడం మొదలుపెట్టారు. విప్పడమే జరిగింది, బిగించడం జరగలేదు. చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి, గేర్‌బాక్సు ఒక పాత పరుపు మీద పడుకుని ఉంది, బ్రేకు సామానంతా నా వంటింటి గిన్నెల్లో చేరింది. ఇప్పుడు మళ్ళీ పనిలోకి దిగాం. ఆయన చెప్తుంటే నేను చేస్తున్నాను. నాకూ ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కాలు నిలవడం లేదు. ముప్పై ఏళ్ళు టైపు కొట్టిన వేళ్ళు, ఖాళీగా ఉంచితే బల్ల మీద వాటంతట అవే ఆడుతున్నాయి.

అడగవలసింది ఇది. బ్రేకు పెడలు తొక్కితే నూనెను చక్రాలకు తోసే సిలిండర్ ఉంది కదా, దాని లోపల తుప్పు తిని గుంటలు పడ్డాయి. గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వాడుకోవచ్చా? మీకంటే తెలిసినవాళ్ళు మాకెవరూ లేరు. ఆయనే రాద్దురు, గడియారాల షాపులో తీరిక దొరకడం లేదు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మరదలు


జనవరి 19

మరదలికి,

నాలుగేళ్ళు ఉలుకూ పలుకూ లేదు. బ్రేకు పాడయ్యేసరికి ఆడబిడ్డ గుర్తొచ్చింది. సరే. ఇరవై ఆరేళ్ళు బస్సు డిపోలో బ్రేకు సెక్షన్లో చేసినదాన్ని, బ్రేకు గురించి అడిగితే నోరు కట్టుకుని కూర్చోలేను.

ఆ సిలిండర్‌ని రుద్దొద్దు. పారెయ్. అది పాతకాలపు ఒంటిగది సిలిండర్, ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్రేకు పోతుంది. రెండు గదులది వెయ్. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. ముందుచక్రాలకు డ్రమ్ములు తీసేసి డిస్కులు వెయ్యండి. డ్రమ్మంటే మూతపెట్టిన గిన్నె, వేడి లోపలే మగ్గుతుంది. డిస్కుకు గాలి తగులుతుంది. మీ ఊరు ఉన్నది కొండ మీద, మీ వీధి నిచ్చెన వేసినట్టుంటుంది. అయిదు మలుపులు దిగేసరికి ఆ డ్రమ్ములు కాగిపోతాయి. అప్పుడు పెడలు మీద నువ్వు నిలబడినా బండి నీ మాట వినదు.

ఇంతకీ వాడి చేతికి ఏమొచ్చింది? వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టుకునేవాడికి అక్కకు రెండు ముక్కలు రాయడానికి కలం బరువైందా? నువ్వు రాయనివ్వడం లేదా?

మీ ఆడబిడ్డ


ఫిబ్రవరి 2

వదినగారికి,

మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. మొదట "నాన్న వేసినవి నాన్న వేసినట్టే ఉండాలి" అన్నారు. తర్వాత ఒప్పుకున్నారు. కాబట్టి ముందుచక్రాలకు డిస్కులే వేస్తున్నాం. పాత సామాను అంగడిలో ఒక వ్యాను తుక్కుకి వచ్చింది. దాని రెండు గదుల సిలిండరు, డిస్కులు, వాటిని పట్టుకునే ఇనప దవడలు, గొట్టాలతో సహా తెచ్చాను. డిస్కులు మన చక్రాలకు కుదరలేదు. బస్టాండు వెనక లేత్ పనాయన ఉన్నాడు, ఆయన వాటికి సరిపడా రింగులు చెక్కి ఇచ్చాడు.

"ఇది చెప్పిందెవరమ్మా, మీ ఆయనేనా?" అన్నాడు.

"మా ఆడబిడ్డ."

"ఆడబిడ్డ చెప్తే మరదలు వినడం ఇన్నేళ్ళలో ఇదే చూడ్డం" అని, కూలి అడగడం కూడా మరచిపోయి నవ్వాడు.

గేర్‌బాక్సులో రెండు పళ్ళు విరిగి ఉన్నాయి. అదే వ్యానుది అయిదు గేర్లది పెట్టేశాం. అది పాతదానికంటే పొడుగు. అందుకని వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్టును నాలుగు వేళ్ళ మేర కోయించి మళ్ళీ అతికించాను. బండి కింద పడుకుని బోల్టులు బిగించి బయటికి వచ్చేసరికి నా మొహం చూసి ఎదురింటి టైలరమ్మ గుర్తుపట్టలేదు. నిజం చెప్పనా వదినగారూ, పొద్దున్నే లేవగానే షెడ్డు వైపు పరుగు తీయాలనిపిస్తోంది. గేర్‌బాక్సు ఎక్కించిన రోజు పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు.

ఆయన రాయలేదని అనుకోకండి. షాపు, తీరికలేనితనం, అంతే.

మీ మరదలు


ఫిబ్రవరి 13

మరదలా,

చదివి సంతోషించాను, ఉన్నమాట చెప్పడానికి నాకేం. కోసి అతికించిన షాఫ్టుకు రెండు చివర్లా క్రాసులుంటాయి, కీళ్ళలాంటివి. ఆ రెండూ ఒకే వరసలో ఉన్నాయా లేదా చూడు. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉంటే నలభై దాటగానే బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఆ బండి కిందే నాన్న గ్రీజు పట్టడం నేర్పాడు. అప్పటికి తమ్ముడికి బండంటే హారను మాత్రమే. చివరికి బండి వెళ్ళింది హారను కొట్టేవాడి ఇంటికి. సర్లే, ఇప్పుడెందుకు.

ఒక్కటి అడుగుతున్నాను. వాడిచేత సంతకమన్నా పెట్టించి పంపు. వాడికి నామీద కోపమా, ఒంట్లో బాగాలేదా, నాకు తెలియాలి. లేకపోతే నేనే బస్సెక్కుతాను.

అక్క


ఫిబ్రవరి 24

వదినగారికి,

ఇప్పుడు రాకండి. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం, సామానంతా వరండాలో ఉంది, మీకు ఇబ్బంది.

డ్రైవింగు నేర్పే పంతులమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నిన్న బండి నడిపాను. అవును, నేనే. రెండు నెలలుగా నేర్చుకుంటున్నాను. మీరన్నట్టు క్రాసులు సరిచేశాక వణుకు లేదు. గేర్లు వెన్నలా పడుతున్నాయి. కానీ బ్రేకు వేసినప్పుడల్లా బండి ఎడమవైపు, కాలవలోకి లాగుతోంది. ఎడమ చక్రం విప్పి మూడుసార్లు చూశాను. దవడ కాస్త వదులు చేసి చూశాను. తేడా లేదు. ఏం చేయాలో రాయండి.

ఆయన బాగానే ఉన్నారు.

మరదలు


మార్చి 5

మరదలికి,

బండి ఎడమకు లాగితే జబ్బు ఎడమ చక్రానిది కాదు. ఎడమది తన పని తాను చేస్తోంది. కుడిది చేయడం లేదు, అందుకే బండి అటు తిరుగుతోంది. నువ్వు బుద్ధిగా పనిచేసేదాన్ని పట్టుకుని వదులు చేశావు. మళ్ళీ బిగించు. కుడివైపు చూడు.

ఇక రెండో సంగతి. మా డిపోలో పనిచేసిన డ్రైవరు ఒకాయన ఇప్పుడు మీ ఊరి సర్వీసు మీద ఉన్నాడు. పాత కార్లు కొనే ఆసామి ఒకడు మీ షెడ్డు ఎక్కడని బస్టాండులో వాకబు చేస్తున్నాడట. సున్నాలట, సామానట. నేను వస్తే అమ్మకం ఆగిపోతుందనా? నా చేత బ్రేకులు, గేర్లు అన్నీ చెప్పించుకుని, బండిని నిగనిగలాడించి అమ్ముకుందామని చూస్తున్నావు. వాడికి తెలుసా ఈ సంగతి? వాడిచేత ఒక్క అక్షరం రాయించకపోవడానికి ఇదేనా కారణం? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకానికి తెలియదా?

మా నాన్న బండి అది.


మార్చి 9

మొన్నటి ఉత్తరం నీకు అందిందో లేదో తెలియదు. ఇవాళ తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఒక వరస కాగితం దాటి వెళ్ళిపోయింది, మిగతా ముక్క వాడు బల్ల మీద రాసి ఉంటాడు. గంట సేపు కూర్చుంటే ఇంత అర్థమైంది:

"అక్కా, డ్రమ్ములే ఉంచమని నువ్వు రాశావని ఇది చదివింది. మొన్న చక్రం తడిమితే చేతికి పళ్ళెంలా డిస్కు తగిలింది. నువ్వు రాసిందేమిటి? నాకు కళ్ళు కనిపించడం మానేసి రెండేళ్ళయింది. నీకు చెప్పొద్దన్నది నేనే. బండి అమ్మేస్తున్నాను. ఏప్రిల్ రెండున మనిషి వస్తాడు."

రెండేళ్ళు. నా తమ్ముడికి కళ్ళు పోయి రెండేళ్ళయితే నేను వాణ్ణి పొగరుబోతు అనుకుంటూ కూర్చున్నాను. వాడు చెప్పొద్దంటే మాత్రం నువ్వు చెప్పవా? నాకు, వాడికి మధ్య కూర్చుని అటుదిటు, ఇటుదటు మార్చి చదవడానికి నీకు చేతులెలా వచ్చాయి? కాదు, నోరెలా వచ్చింది?

జవాబు రాయి. ఈసారి నిజం రాయి.


మార్చి 16

వదినగారికి,

మీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. రెండూ చదివి షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. బయటికి వచ్చాక రాస్తున్నాను.

కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందన్నారు డాక్టరు. ముందు పక్కల చూపు పోయింది, తర్వాత మధ్యది కూడా. షాపు మూసి రెండేళ్ళు దాటింది. షాపులో తీరిక లేదని మీకు రాసిందంతా అబద్ధం. "అక్కకు తెలిస్తే జాలిపడుతుంది, నేను భరించలేను" అన్నారు. ఒట్టు వేయించుకున్నారు.

రోజంతా కాలు గాలిన పిల్లిలా ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగేవారు. గోడ గడియారాలన్నిటికీ తాళం ఇచ్చేవారు, అవి అప్పటికే నిండా ఉండేవి. ఆ తిరుగుడు చూడలేకే బండి పని మొదలుపెడదామన్నాను. నేను విప్పి చేతికిస్తే ఆయన వేళ్ళతో తడిమి, ఇది అరిగింది, ఇది పనికొస్తుంది అని చెప్పేవారు. ఆ నెల్లాళ్ళూ ఈ ఇంట్లో మాటలు వినిపించాయి.

తర్వాత మీ ఉత్తరం వచ్చింది. డిస్కులు వేయమన్నారు. నేనింకా పైకి చదవకముందే ఆయన ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తాను: "ఆ బండి అక్కకు రావలసింది. నాన్న నాకిచ్చి తప్పుచేశాడు. కనీసం ఉన్నది ఉన్నట్టు ఉంచుతాను. మార్చమని అక్క అంటే బండి ముట్టుకోను." పని ఆగితే మళ్ళీ ఆ గదుల్లో తిరుగుడే. అందుకని మీరు డ్రమ్ములే ఉంచమన్నారని చదివాను. కానీ ఆ వీధిలో బండి దింపవలసింది నేను వదినగారూ. నాకు ప్రాణభయం లేదా? ఆయన మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు డిస్కులు బిగించాను. మీకేమో ఆయన ఒప్పుకున్నారని రాశాను. గేర్‌బాక్సు మాత్రం ఆయనకు చెప్పే మార్చాను, పళ్ళు విరిగాక వేరే దారి లేదన్నారు.

ఇంకో సంగతి, అడక్కపోయినా చెప్తాను. పోనుపోను ఆయన్ని అడగడం కూడా మానేశాను. నాకే తెలిసిపోతోంది. స్టూలు మీద ఆయన కూర్చుని ఉండగానే, ఆయన లేనట్టు పని చేసుకుపోయాను. అది డిస్కుల కంటే పెద్ద తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

ఆయన చక్రం తడిమిన రోజు ఒకే మాట అన్నారు. "నాకు కనపడదని నువ్వు కూడా వాడుకున్నావా?" అంతే. రెండు వారాలు దాటింది, మాట లేదు. ఆ కొనేవాణ్ణి పిలిపించింది ఆయనే. ఏం చేయాలో నాకు పాలుపోవడం లేదు.

మరదలు


మార్చి 22

మరదలా,

ఈ ఉత్తరం వాడికి చదువు. ఒక్క ముక్క మార్చకు, ఒక్క ముక్క మింగకు. నీ మీద ఏముందో అదీ చదువు.

తమ్ముడూ, డిస్కులు వేయమన్నది నేనే. నీ పెళ్ళాం నీకు అబద్ధం చదివింది, తప్పే. కానీ ఇంట్లో అబద్ధం మొదలుపెట్టింది అది కాదు, నేను.

నాన్న తనంతట తాను బండి నీకివ్వలేదురా. ముందు నన్నే అడిగాడు. డిపోకు వచ్చి, గేటు దగ్గర నిలబడి, తాళాలు నా చేతిలో పెట్టాడు. నేనే వద్దన్నాను.

అంతకు నెల ముందు, నేను సంతకం పెట్టి పంపిన బస్సుకు దారిలో బ్రేకు పోయింది. బజారు చివర గోడను గుద్ది ఆగింది. జనం ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఒక్క గొట్టం నేను సరిగా చూడలేదు, ఒకే ఒక్కటి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి నేను స్టీరింగు ముందు కూర్చోలేదు. బ్రేకులు బాగుచేసేదానికి బ్రేకు మీద నమ్మకం లేదని చెప్పుకుంటే నవ్వరా? నాన్నకు కూడా చెప్పలేదు. వద్దు, తమ్ముడికివ్వు అన్నాను. మీ బావ అడిగితే మాత్రం, ఆడపిల్లనని నాన్న నాకివ్వలేదు అన్నాను. ఆ మాట నోటికి తియ్యగా ఉంది. చుట్టాలంతా అయ్యో అన్నారు. ముప్పై ఏళ్ళు ఆ అయ్యోల మీదే బతికాను. నువ్వు దాన్ని నిజమనుకుని మోస్తున్నావని తెలిసినా ఊరుకున్నాను.

బండి ఉంచుకుంటావో, అమ్ముకుంటావో నీ ఇష్టం. నాకు రావలసిందని మాత్రం అమ్మకు. నాకు కోపం రాకుండా ఎలాగూ ఉండదు, ఆ సంగతి అక్కడికొచ్చాక చెప్తాను.

మరదలా, పక్కన నిలబడి చదవకు. కూర్చుని చదువు.

అక్క


ఏప్రిల్ 4

వదినగారికి,

కూర్చునే చదివాను. ఒక్క ముక్క కూడా మింగలేదు. "నీ పెళ్ళాం నీకు అబద్ధం చదివింది" అన్నచోట ఆగాను. ఆయన "ఊ, చదువు" అన్నారు.

అయిపోయాక "డిపో గేటు దగ్గరా?" అని అడిగారు. అవునన్నాను. "ఆ రోజు నాన్న ఇంటికొచ్చి అన్నం తినలేదు. నామీద కోపమనుకున్నా" అన్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. కాసేపటికి లేచి, గోడ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళారు. నేను వెనకాలే వెళ్ళాను.

"కుడివైపు చూశావా?" అన్నారు.

"చూశాను. ఏమీ కనపడలేదు."

"చక్రాలు లేపు. నేను తిప్పుతుంటా, నువ్వు బ్రేకు తొక్కు."

ముందుచక్రాలను జాకీల మీద ఎత్తాను. ఆయన చక్రాన్ని చేత్తో తిప్పుతూ చెవి దాని దగ్గరగా పెట్టారు, మునుపు గడియారానికి పెట్టినట్టు. ఎడమది, తర్వాత కుడిది, మళ్ళీ ఎడమది. నా కాలు పట్టేసింది.

"ఎడమది తొక్కగానే పడుతోంది. కుడిది ఒక రెప్పపాటు ఆలోచించి పడుతోంది. గొట్టం చూడు" అన్నారు.

పైకి కొత్తదానిలా ఉన్న రబ్బరు గొట్టమే. కోసి చూస్తే లోపల ఉబ్బి, సూది మొన పట్టేంత సందు మిగిలింది. తుక్కు వ్యానుది తెచ్చినందుకు మీరు తిడతారని తెలుసు, ఆయన ఆ పని ముందే చేశారు. రెండువైపులా కొత్తవి వేశాం. నూనెలోంచి గాలి తీసేటప్పుడు పెడలు మీద ఆయన, చక్రం దగ్గర నేను. "తొక్కండి", "వదలండి" అని నేను అంటుంటే, "ఇన్నాళ్ళకు నామీద పెత్తనం దొరికింది" అన్నారు. నెల రోజుల్లో అదే మొదటి హాస్యం.

రెండో తారీఖున కొనేవాడు వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, బానెట్టు మీద చెయ్యి వేసి, "బండి మీదేనా సార్?" అన్నాడు.

"కాదు. అక్క వద్దంది, నేను వద్దనుకున్నాను. బ్రేకులు వేసినావిడ అక్కడుంది, ఆవిణ్ణి అడగండి" అన్నారు.

వాడు నావైపు తిరిగాడు. నా చేతిలో పానా ఉంది. అమ్మనని చెప్పడానికి తల అడ్డంగా ఊపానో, లేదో, వాడికి మాత్రం అర్థమైంది.

నిన్న కాగితాలు నా పేరున మార్చడానికి ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తా వేలిముద్ర డబ్బా తెచ్చాడు. ఈయన కలం అడిగారు. కాగితం మీద గీత ఎక్కడుందో నేను ఆయన వేలు పెట్టి చూపించాను. సంతకం గీత మీద నిలవలేదు, కానీ గుమాస్తా ముద్ర కొట్టేశాడు.

లైసెన్సు పరీక్ష వచ్చే నెల. అందులో గట్టెక్కితే మేమే దిగి వస్తాం. మీరు కోపపడటానికి ఇంత దూరం బస్సులో రావడం ఎందుకు?

మీ మరదలు


జూన్ 11

మరదలా,

మీరు ఇల్లు చేరారని మీ ఊరి సర్వీసు డ్రైవరు చెప్పాడు. మలుపులన్నీ నింపాదిగా, రెండో గేరులో ఎక్కావట. తన బస్సును పది నిమిషాలు నీ వెనకే నడిపించావని తిట్టుకున్నాడు. నాకు నచ్చింది.

మీరు ఇక్కడున్న నాలుగు రోజులూ వాడితో అరిచింది సరిపోయింది. నీతో మాట్లాడటం కుదరలేదు. ఆఖరి పొద్దున వాడు లోపల గడ్డం గీసుకుంటుంటే నువ్వు నన్ను వీధిలోకి తీసుకెళ్ళి, తలుపు తీసి, "కూర్చోండి" అన్నావు. కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు. ఇంజను ఆపే ఉంది, అయినా స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాను. పెడలు తొక్కాను. గట్టిగా ఉంది. మూడుసార్లు తొక్కాను. నువ్వు అటు తిరిగి పక్కింటి గోడ చూస్తూ నిలబడ్డావు. ఆ గోడలో చూడటానికి ఏమీ లేదని నాకూ తెలుసు.

ఒక్కటి చెప్పాలి. మీరు వెళ్తుంటే సందు చివరిదాకా చూశాను. మలుపు దగ్గర నువ్వు బ్రేకు వేసినప్పుడు వెనక ఎడమ దీపం వెలిగింది, కుడిది వెలగలేదు. బల్బు పోయి ఉండొచ్చు, తీగ ఊడి ఉండొచ్చు. దాన్ని ముట్టుకోకు. అది చూసేదాకా బండి బయటికి తీయకు. సోమవారం పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాను, నేనే చూస్తాను.

బస్టాండుకు ఎవరూ రావద్దు. షెడ్డు ఎక్కడో నాకు తెలుసు.

వదిన